తోడు లేని బోను

మన విజయనగరం, శ్రీకాకుళం పల్లెలలో కరెంటు తీగ తగిలియో, లారీ క్రింద పడియో ఒక కోతి మరణించినచో ఊరివారు దానిని నడివీధిలో వదలిపోరు. పసుపు కుంకుమ లద్ది, పూలమాల వేసి, పాడె కట్టి, భజనలతో సాగనంపి, పూడ్చినచోట ఒక్కొక్కప్పుడు చిన్న ఆంజనేయుని గుడి సైతము కట్టుదురు. ఈ భక్తి నిజమైనది, దానిని తక్కువచేసి చెప్పుట నాకు సమ్మతము కాదు. ఆ భక్తి ప్రాణముతో నున్న కోతి వైపునకు కూడ మళ్ళవలెననియు, ముఖ్యముగా మనుష్యుని చేతిలో బందీయై, గొలుసునకో బోనునకో పరిమితమై, తన జాతి ముఖము చూడక ఏండ్లు గడుపుచున్న కోతి వైపునకు మళ్ళవలెననియు నా విన్నపము.

బందీయైన జంతువు మాట వచ్చినప్పుడు మనము అడుగునది బోను ఎంత పెద్దది, తిండి వేళకు పెట్టుచున్నారా, త్రాగ నీరున్నదా అని. పెద్దపులి విషయమున ఈ ప్రశ్నలతో చాలవరకు సరిపోవును. అది అడవిలోను ఒంటిగా తిరుగు మృగమే. కోతి సంగతి వేరు. గోదావరికి ఉత్తరమున, మన కొండలలోను తోటలలోను కనబడు ఎఱ్ఱమూతి కోతి, శాస్త్రజ్ఞులు రీసస్ అనునది, పుట్టుకతోనే ఒక కుటుంబమునకు చెందును. ఆడపిల్ల పుట్టిన మందలోనే జీవితాంతము తల్లిచెంత నుండును. మగది నాలుగైదేండ్ల ప్రాయమున మంద విడిచి మరియొక మందలో చేరును. తల్లి హోదానుబట్టి కూతురి హోదా ఏర్పడును, అందులోను అక్కలకంటె కడగొట్టు చెల్లెలికే పైచేయి యగుట పరిశీలకులను ఆశ్చర్యపఱచిన విశేషము. మిట్టమధ్యాహ్నము మఱ్ఱినీడన ఒకటి వెల్లకిల పడుకొని చేయి పైకెత్తగా, వేఱొకటి దాని చంకలోని వెండ్రుకలను రెండు చేతుల వ్రేళ్ళతో పాయలుగా విడదీసి, చర్మముపై కనబడిన పొట్టును గోట గిల్లి నోట వేసికొనుచుండుట మన మెఱిగినదే. పేలు చూచుకొనుచున్నవని మనమందుము. నిజమునకు ఆ వ్రేళ్ళ స్పర్శ సోకినంతసేపు పడుకొన్న దాని గుండెవేగము తగ్గునని పరిశోధకులు కొలిచి చూపియున్నారు.

ఈ స్పర్శ లేనిచో ఏమగునో లోకము చాల క్రూరమైన మార్గమున తెలిసికొన్నది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున హ్యారీ హార్లో అను మనస్తత్వవేత్త 1950లలో రీసస్ పిల్లలను తల్లులనుండి వేఱుచేసి, పాలిచ్చు ఇనుపతీగల బొమ్మను, పాలివ్వని మెత్తటి గుడ్డబొమ్మను వానికి చూపగా, అవి ఆకలి వేళ తీగల బొమ్మ వద్దకు పోయి, తక్కిన ప్రొద్దంతయు గుడ్డబొమ్మను కౌగిలించుకొని యుండెను. తరువాతి ప్రయోగములలో నెలల తరబడి సంపూర్ణముగా ఒంటరిగా నుంచబడిన పిల్లలు, బయటికి తెచ్చినపుడు తమను తాము కౌగిలించుకొని ఊగుచు, తమ చేతులను తామే కొఱుకుకొనుచు, ఇతర కోతులతో కలియలేకపోయెను; వానిలో పెరిగి తల్లులైనవి తమ పసికూనలను పట్టించుకొనకపోవుటయో, గాయపఱచుటయో జరిగెను. ఆ ప్రయోగములను నేను సమర్థింపను. కాని ఒంటరితనము కోతికి ఏమి చేయునో తెలియలేదని చెప్పుకొను వీలు ఆ తరువాత ఎవ్వరికిని లేదు.

హార్లో బోనులలోని ఆ లక్షణములు మన వీధులలోను కనబడును. పట్టణపు సందులో ఒక దుకాణము ముందు, నడుమునకు గొలుసు వేసి స్తంభమునకు కట్టిన కోతిని నేను చాలసేపు నిలబడి చూచితిని. గొలుసు ఒరసికొన్నచోట బొచ్చు పోయి చర్మము నల్లబడి మెరయుచుండెను. ఎడమకు రెండడుగులు, కుడికి రెండడుగులు, నడుమ తల ఒక్క విసురు. మరల అదే వరుస, తప్పకుండ. దారిని పోవు పిల్లలు అరటిపండు చూపగా అది పెదవులు వెనుకకు లాగి పండ్లు కనబఱచినది, పిల్లలు కోతి నవ్వుచున్నదని కేరింతలు కొట్టిరి. పెద్దకోతి ఎదుట చిన్నకోతి భయముతో లొంగిపోవునపుడు పెట్టు ముఖమది.

చట్టములు లేకపోలేదు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, మరీ పొట్టి గొలుసుతోనో మరీ బరువైన గొలుసుతోనో జంతువును అదేపనిగా కట్టివేయుటను నేరముగా ఎంచినది. కోతిని ఆడించి చూపుటను కేంద్రప్రభుత్వము 1998లో నిషేధింపగా, సర్కసు యజమానులు వ్యాజ్యమాడిరి. 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధమునే నిలబెట్టినది. బలశాలి కోడి రామ్మూర్తి నాయుడుగారి సర్కసు పుట్టిన ఊరు మన విజయనగరమే గనుక ఆ డేరాల తలపు మనకు తియ్యనిదే. వారి బాహుబలమును నేటికిని గర్వముతో చెప్పుకొందుము. తరువాత సర్కసులనుండి విడిపించిన సింహములకు, పెద్దపులులకు విశాఖపట్నమునను తిరుపతిలోను ప్రత్యేక సంరక్షణ కేంద్రములు వెలసెను. డమరుకము మ్రోగించుచు వచ్చు కోతులవానినుండి విడిపించిన కోతి గతి అంతగా ఎవ్వరు ఆలోచింపలేదు. పసితనముననే తల్లినుండి లాగబడి, మంద మర్యాద యేదియు నేర్వని ఆ జీవిని అడవిలో వదలుట దయ కాజాలదు, వేఱొక బోనులో ఒంటిగా పెట్టుటయు అంతే. దీనికి తోడు, 2022 సవరణతో ఎఱ్ఱమూతి కోతి వన్యప్రాణి సంరక్షణ చట్టపు పట్టికలనుండియే తొలగింపబడినది.

జంతుప్రదర్శనశాలలకు 1992లో ఏర్పఱచి 2009 వఱకు అమలులో నుండిన నిబంధనలు ఈ విషయమున స్పష్టముగా నుండెను: జంతువులను వాని సహజమైన సాంఘిక సమూహములుగా ఉంచవలెను, ఆరోగ్యమునకు మేలగునన్నప్పుడు మాత్రమే వేఱుగా ఉంచవచ్చును, తగిన కారణము లేక ఏ జంతువును ఏడాదికి మించి జత లేకుండ ఉంచరాదు. సెలవుదినములలో మనవారు పిల్లలను వెంటబెట్టుకొని పోవు విశాఖ జంతుప్రదర్శనశాల 1977లో ప్రజలకు తెఱవబడినది. కంబాలకొండ ఒడిలో ఆఱువందల ఎకరములకు పైబడిన ఆ ఆవరణలో స్థలమునకు కొఱత లేదు. కాబట్టి అక్కడ గాని మఱెక్కడ గాని కోతి బోను ముందు నిలిచినపుడు ఇందు ఎన్ని యున్నవి, ఒక్కటే యున్నచో ఎంతకాలముగా, ఏ కారణముచేత అని అడుగుడు. ఆ వివరము బోను ముందరి పలకపై, జాతి పేరు ప్రక్కనే వ్రాసియుండవలెనని నా కోరిక.

పెరిగిన కోతులను కలిపినచో కొట్టుకొని చచ్చునను భయము చాలకాలము రాజ్యమేలినది. విక్టర్ రైన్‌హార్ట్ అను పశువైద్యుడు విస్కాన్సిన్‌లోనే 1980లలో ఆ భయమును చాలవరకు పోగొట్టెను. రెండింటిని ముందు ఒకదాని నొకటి చూడగల అడ్డుతెర కిరువైపుల ఉంచి, ఒకటి చూపు దించుకొనుటయో వెనుకకు తిరిగి వంగి నిలుచుటయో చేసి పెద్దరికము తేలిన పిమ్మట తెర తీసినచో, పెక్కు జంటలు పోరాటము లేక పొత్తు కలిపెను. దీనికి కావలసినవి ఓపిక, ఒక అదనపు తలుపు, జంతువు ముఖము చదువగల కాపరి. మన జంతుశాలలలో తరతరములుగా పనిచేయు కాపరులకు ఆ చదువు ఉన్నది. వారి మాట ఫైళ్ళ కెక్కుట లేదు.

ఈ కోతులకు మనము పడియున్న ఋణము చిన్నది కాదు. మన రక్తపరీక్షలోని ఆర్‌హెచ్ అను గుర్తు రీసస్ పేరునుండి వచ్చినదే. పోలియో టీకా నిమిత్తమై మన దేశమునుండి లక్షలకొలది కోతులు ఓడలలోను విమానములలోను పరదేశములకు పోయినవి. 1978లో గాని ఆ ఎగుమతి ఆగలేదు.

ఇక మన జిల్లాల సంగతి. కోతులు మామిడిని, మొక్కజొన్నను దోచుకొనుటయు, పెంకుటిండ్ల పైకప్పులు పీకుటయు రైతు అనుభవించుచున్న నిజమైన బాధ. ఊరివారు చందాలెత్తి కోతులు పట్టువారిని రప్పించుటను తప్పుపట్టజాలను. కాని ఇనుపబోనులో చిక్కినదానిని చిక్కినట్లు పట్టి, తల్లిని ఒక లారీలో, పిల్లను మరునాటి లారీలో ఎక్కించి, ఎక్కడనో కొండమలుపున దించివచ్చు పద్ధతి మారవలెను. తెలంగాణలోని నిర్మల్ సమీపమున, చించోలి వద్ద 2020లో స్థాపించిన కేంద్రమున కోతులకు సంతాననిరోధక శస్త్రచికిత్స చేసి తిరిగి విడుచుచున్నారు. అట్టి కేంద్ర మొకటి ఉత్తరాంధ్రకును వలయును. అది వచ్చులోపల పంచాయతీలు పట్టువారితో చేసికొను ఒప్పందములోనే మందను మందగా పట్టవలెననియు, చంటిపిల్లను తల్లినుండి వేఱుచేయరాదనియు, గాయపడి నిలిచిపోయిన దానిని ఒంటిబోనులో ఉంచరాదనియు వ్రాయించి, అటవీశాఖవారిచే సంతకము చేయించుట సాధ్యమే. వచ్చు మామిడి కాపునకు ముందుగానే ఈ కాగితము సిద్ధము కావలెను.