గ్రానైట్ తొడుగు

మా అపార్ట్‌మెంట్ 1994లో కట్టింది. స్టిల్ట్ మీద నాలుగు అంతస్తులు, అంతస్తుకు ఐదు చొప్పున ఇరవై ఫ్లాట్లు. అసోసియేషన్‌కు ఆరేళ్లు నేనే సెక్రటరీని. ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు. బిల్డర్ మీద అసలే కాదు, ఆయన పోయి చాలా కాలమైంది. చేసింది మేము. చేయనిదీ మేమే.

ముందు పార్కింగ్‌లోని పిల్లర్ల సంగతి. రోజూ పొద్దున వాచ్‌మన్ భార్య పైపు పెట్టి కార్లు కడుగుతుంది. ఆ నీళ్లు వెళ్లి పిల్లర్ల మొదట్లో నిలుస్తాయి. ఇరవై ఏళ్లకు పైగా అదే తంతు. మొదట సున్నం ఉబ్బింది. తర్వాత పెచ్చులూడాయి. ఆ తర్వాత నిలువునా సన్నటి బీట పడి దాని వెంట తుప్పు చార దిగింది. కారు తీసేటప్పుడొకసారి, పెట్టేటప్పుడొకసారి అందరం చూశాం. చూసి, జనరల్ బాడీలో ఏకగ్రీవంగా తీర్మానించి, ఆరు పిల్లర్లకు మూడడుగుల ఎత్తున నల్ల గ్రానైట్ తొడిగించాం. పార్కింగ్‌కి లుక్ వచ్చిందని వాట్సాప్ గ్రూపులో ఒకరినొకరు మెచ్చుకున్నాం కూడా.

తర్వాత ట్యాంకులు. నాలుగో అంతస్తులో ఒకాయనకు వ్యాపారం దెబ్బతింటే వాస్తు సిద్ధాంతిని పిలిపించాడు. ఈశాన్యం మీద బరువుందని ఆయన తేల్చాడు. నీళ్ల ట్యాంకు ఆ మూలే ఉండేది మరి, బిల్డర్ దాని కోసమే పైకి లేపిన పిల్లర్ల మీద. దాన్ని ఎండబెట్టి, నైరుతి మూల టెర్రేస్ మీద రెండు వేల లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకులు ఐదు పెట్టించాం. మనుషులు తిరిగే టెర్రేస్ స్లాబుకు మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల బరువు లెక్కవేసి డిజైన్ చేస్తారు. అదే చదరపు మీటరు మీద మీటరున్నర ఎత్తు నీళ్లు నిలబెడితే 1500 కిలోలు. ఈ లెక్క వేయడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. మాలో నలుగురు ఇంజనీర్లున్నారు, ఒకరు సివిల్. ఎవరం వేయలేదు. సిద్ధాంతి దక్షిణ ఎంతివ్వాలన్న దాని మీద మాత్రం అరగంట చర్చ జరిగింది.

2020 అక్టోబర్‌లో హైదరాబాద్ మునిగిన ఆ వానల్లో మా మూడో అంతస్తు సజ్జ ముక్క ఒకటి ఊడి కింద స్కూటీ సీటును చీల్చుకుపోయింది. పది నిమిషాల ముందే దాని మీద ఒక ఆడపిల్ల కూర్చుని ఫోన్ మాట్లాడుతోంది. అప్పుడు గానీ సర్వే మాట రాలేదు. ఫీజు అరవై వేలు, అంటే ఫ్లాటుకు మూడు వేలు. దీనికి నాలుగు మీటింగులు పట్టాయి. అంతకు ముందు ఏడాదే నాలుగున్నర లక్షల పెయింటింగ్ ఒక్క మీటింగులో పాసయింది.

వచ్చిన ఇంజనీరుకు యాభై ఏళ్లుంటాయి. తక్కువ మాటల మనిషి. సంచిలోంచి ముందు తీసింది మిషన్ కాదు, మామూలు చిన్న సుత్తి. ఒక్కో పిల్లరునీ బీమునీ తడుతూ, చెవి పెట్టి వింటూ తిరిగాడు. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, లోపల విడిపోయింది డొల్లగా మోగుతుంది. గ్రానైట్ దగ్గర ఆగి తట్టి, నా వంక చూశాడు. "పైన పటారం, లోన లొటారం సార్" అన్నాడు. ఒక పలక ఊడదీయించాడు. వెనక కాంక్రీటు చేత్తో గిల్లితే రాలింది. చువ్వ బయటపడింది. రేకులు రేకులుగా తుప్పు.

అప్పుడు ఒక చిన్న సీసా తీసి, తాజాగా కొట్టిన చోట పిచికారీ చేశాడు. ఫినాఫ్తలీన్. ఇంటర్‌లో కెమిస్ట్రీ ల్యాబులో వాడిందే. మంచి కాంక్రీటు అయితే ముదురు గులాబీ రంగుకు తిరుగుతుంది. మా పిల్లరు పైనుంచి చువ్వ దాకా తిరగలేదు. చువ్వ దాటి లోపలికెళ్లాక రంగు వచ్చింది. ఆయన చెప్పింది నాకర్థమైనంతలో ఇదీ: సిమెంటుకు క్షారగుణం ఎక్కువ, పీహెచ్ 12 పైనే ఉంటుంది. ఆ క్షారమే చువ్వ చుట్టూ పల్చటి పొర కట్టి తుప్పు పట్టనీయదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి ఇంకి ఆ గుణాన్ని చంపుతుంది. పీహెచ్ 9 కిందికి పడితే ఇక చువ్వకు కాపలా లేదు. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బే కాంక్రీటును లోపలి నుంచి చీలుస్తుంది. పిల్లరు చువ్వల మీద కనీసం 40 మిల్లీమీటర్ల కాంక్రీటు కవర్ ఉండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. మా దాంట్లో ఆయన కొలిచిన ఒకచోట 15 ఉంది. అది బిల్డర్ పాపం, ఒప్పుకుంటాను. దాని మీద పాతికేళ్లు నీళ్లు పోసింది మేము.

టెర్రేస్ మీదికి తీసుకెళ్తే ట్యాంకులు చూసి, "ఇక్కడ పెట్టమని ఎవరు చెప్పారు?" అన్నాడు. "సిద్ధాంతి గారు" అన్నాను. ఆయన నవ్వలేదు. ఫొటో తీసుకున్నాడు.

2021 ఫిబ్రవరిలో రిపోర్టు వచ్చింది. నలభై ఒక్క పేజీలు. ట్యాంకులు వెంటనే దించమన్నాడు. బాత్రూమ్ పైపుల లీకేజీలు ఆపమన్నాడు. ఆరు పిల్లర్లకు తుప్పు గీకించి, కొత్త చువ్వలు కట్టి, మైక్రో కాంక్రీటుతో జాకెటింగ్ చేయించమన్నాడు. గడువు పన్నెండు నెలలు. అంచనా పద్దెనిమిది లక్షలు. ఫ్లాటుకు తొంభై వేలు.

ఆ మీటింగు నాకింకా గుర్తుంది. పైవాళ్ల లీకేజీకి మేమెందుకు కట్టాలన్నారు కిందివాళ్లు. పిల్లర్లు కింద పాడైతే మాకేంటన్నారు పైవాళ్లు. డాలస్‌లో ఉండే ఒకరు వీడియో కాల్‌లో, ఎలాగూ అమ్మేద్దామనుకుంటున్నానన్నారు. ఇంజనీర్లంతా ఇలాగే భయపెడతారని ఒకరు, అందులో కమీషన్ ఉంటుందని మరొకరు. చివరికి ఒక పెద్దాయన మెల్లగా అన్నాడు: "ఈ సంగతి బయటికి పొక్కితే మన ఫ్లాట్ల రేటు ఏమవుతుందో ఆలోచించారా? మినిట్స్‌లో రాయకండి." అంతవరకు ఏ విషయంలోనూ కలవని ఇరవై ఇళ్లూ ఆ ఒక్క మాట మీద కలిశాయి. మినిట్స్ పుస్తకంలో ఆ రోజు "మెయింటెనెన్స్ విషయాలు చర్చించడమైనది" అని ఉంటుంది. చేతిరాత నాది. రిపోర్టు మా ఇంటి బీరువాలో, పట్టుచీరల కింది అరలో పెట్టాను.

నాలుగు నెలలకు, జూన్ 24న, అమెరికాలో ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్ అనే ఊళ్లో చాంప్లెయిన్ టవర్స్ సౌత్ కూలింది. 1981లో కట్టిన పన్నెండంతస్తుల భవనం. నిద్రలో ఉన్నవాళ్లు ఉన్నట్టే పోయారు, మొత్తం 98 మంది. ఆ సీసీటీవీ వీడియో మా గ్రూపులోకి వస్తే కింద పద్నాలుగు దండం బొమ్మలు పడ్డాయి. నేనూ ఒకటి పెట్టాను. తర్వాత వార్తలు చదువుతుంటే చెమట పట్టింది. 2018లోనే ఒక ఇంజనీరు అక్కడి స్విమ్మింగ్ పూల్ డెక్ కింద వాటర్‌ప్రూఫింగ్ పోయిందని, కాంక్రీటు బాగా దెబ్బతిన్నదని రాసిచ్చాడు. డబ్బు ఎవరు ఎంత కట్టాలన్న దాని మీద ఓనర్లు కొట్లాడుకున్నారు. 2019లో బోర్డు సభ్యుల్లో ఎక్కువ మంది రాజీనామా చేశారు. ఆలస్యమయ్యేకొద్దీ ఖర్చు పెరిగి కోటిన్నర డాలర్లకు చేరింది. చివరికి ఒప్పుకున్నారు. వంతులు కట్టడం మొదలుపెట్టాల్సిన తేదీ జులై 1. డిజైన్‌లోనే లోపాలున్నాయని తర్వాత దర్యాప్తులో తేలింది, నిజమే. కానీ ఆ మూడేళ్ల మీటింగుల్లో ఎవరు ఏం మాట్లాడి ఉంటారో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అంత దూరం పోవడం దేనికి? 2013 జులై 8న సికింద్రాబాద్‌లో పాత భవనం ఒకటి కూలి, పొద్దున్నే హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్లు, అందులో పనిచేసేవాళ్లు పదిహేను మందికి పైగా పోయారు. ముంబైలో ముప్ఫై ఏళ్లు దాటిన భవనానికి స్ట్రక్చరల్ ఆడిట్ తప్పనిసరి. ఈ రెండు సంగతులూ మా మీటింగుల్లో వచ్చాయి, కాఫీతో పాటు పోయాయి.

సర్ఫ్‌సైడ్ ఘటన తర్వాతి వానాకాలం పక్క వీధిలో పాత ఇళ్లకు నోటీసులంటిస్తున్నారని తెలిసి మాలో కదలిక వచ్చింది. మళ్లీ ఆ ఇంజనీరును పిలుస్తామనుకున్నారా? ఇంకో ఇంజనీరు దొరికాడు. మెట్లెక్కలేదు, సుత్తి తీయలేదు. గేటు దగ్గర నిలబడి తలెత్తి చూసి, పది వేలకు స్టెబిలిటీ సర్టిఫికెట్ ఇచ్చాడు. లామినేట్ చేయించి నోటీసు బోర్డుకు కొట్టాం. మాకు కావలసింది సర్వే కాదు, కాగితం. అది దొరికాక అందరికీ హాయిగా నిద్రపట్టింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. మా పిడికెడు లామినేట్ చేసి ఉంది.

2022లో నైరుతి మూల నాలుగో అంతస్తు ఫ్లాటు అమ్ముడైంది. కొన్నది ముప్ఫై దాటని జంట, చిన్న పాప. బ్యాంకు తరఫున వాల్యుయేషన్‌కు వచ్చినాయన ఇరవై నిమిషాలుండి, గదులు కొలిచి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ అబ్బాయి మాత్రం నా దగ్గరికి వచ్చాడు. "అంకుల్, మీరు సెక్రటరీ కదా, బిల్డింగ్ ఎలా ఉందంటారు?" అని అడిగాడు. సూటిగా అడిగింది అతనొక్కడే. "పాతకాలపు కట్టడం బాబూ, గట్టిది" అన్నాను. గృహప్రవేశానికి పిలిస్తే వెళ్లాను. పాలు పొంగినప్పుడు అక్షింతలు నేనూ వేశాను.

ట్యాంకులు అక్కడే ఉన్నాయి. ఎండాకాలం నీళ్లు చాలడం లేదని ఆరోది కూడా పెట్టారు. గ్రానైట్ ఊడదీసిన చోట మళ్లీ అతికించారు. రిపోర్టు వచ్చాక నాలుగు వానాకాలాలు వెళ్లాయి.

బాబూ, నీకు చెప్పాల్సింది నీ తలుపు కొట్టి చెప్పలేక ఇలా రాస్తున్నాను. ఈ ఆదివారం ఆ రిపోర్టు తెచ్చి నీ చేతికిస్తాను. నలభై ఒక్క పేజీలూ తర్వాత చదువుకోవచ్చు, ముందు పదిహేడో పేజీ తెరువు. ట్యాంకుల ఫొటో అందులోనే ఉంది. వాటి కింది గది పాప పడుకునేది.