అమ్మకు పరీక్ష, చెల్లికి పెండ్లి



ఒక సహోదరి ఉత్తరము మా యెదుట ఉన్నది. ఆమె తల్లిగారికి అండాశయ కాన్సరు. ఆపరేషను అయినది, కీమోథెరపీతో వ్యాధి బాగా తగ్గినది. ఇక ఒలాపరిబ్ అను బిళ్ళలు పనిచేయునో లేదో తెలియుటకు జీన్ పరీక్ష చేయించమన్నారట డాక్టరుగారు. "అందులో ఏదైనా బయటపడితే చెల్లికి సంబంధాలు రావని పెదనాన్నగారు వద్దంటున్నారు" అని వ్రాశారు.

ముందు మందు సంగతి. మన కణములలోని డి.ఎన్.ఎ. ప్రతిదినము వేలసార్లు దెబ్బతింటుంది, మరల బాగవుతుంది. చెరువుకట్టను తలంచుకొనండి. చిన్న బొరియలు పూడ్చే పని పార్ప్ అను ఎంజైముది. పెద్ద గండ్లు పూడ్చుటకు బి.ఆర్.సి.ఎ. జీన్లు కావాలి. ఒలాపరిబ్ పార్ప్‌ను అడ్డగిస్తుంది. పూడని బొరియలు గండ్లవుతాయి. మంచి కణము వాటిని పూడ్చుకొని బ్రతుకుతుంది. బి.ఆర్.సి.ఎ. చెడిన కాన్సరు కణము పూడ్చుకోలేక చస్తుంది. తల్లిదండ్రులలో ఒకరినుండి చెడిన జీన్ వచ్చినా, రెండవవారు ఇచ్చిన మంచి జీన్ మిగిలిన శరీరమును కాపాడుతుంది. కాన్సరు కణము దానిని కూడ పోగొట్టుకొన్నది. ఇది తలంచినప్పుడెల్లా మాకు ఆశ్చర్యమే.

ఈ కిటుకును 2005లో బ్రిటన్ శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో చూపారు. 2014లో అమెరికా, ఐరోపాలలో ఒలాపరిబ్‌కు అనుమతి వచ్చినది. ఖరీదైన మందు. రక్తహీనత, వికారము, నీరసము కలుగవచ్చు. అరుదుగా రక్తకాన్సరు కూడ వస్తుంది గనుక తరచు రక్తపరీక్ష తప్పదు. బి.ఆర్.సి.ఎ. చెడిన వారికే మేలు ఎక్కువ. అందుకే ఆ పరీక్ష.

పెదనాన్నగారి భయము మాకు తెలియనిది కాదు. కాని పరీక్ష చేయించనంత మాత్రాన జీన్ మారదు. తల్లికి ఉంటే ప్రతి బిడ్డకు, కొడుకైనా కూతురైనా, సగము అవకాశమున్నది. చెల్లికి ఉన్నదని తెలిస్తే రొమ్ము పరీక్షలు ముందుగా మొదలుపెట్టవచ్చు, బిడ్డలు కలిగిన తరువాత అండాశయములు తీయించుకోవచ్చు. తెలియకపోతే అమ్మగారి దారే కావచ్చు. ఇది ఎవరి పాపఫలమో అని గుసగుసలాడువారు యోహాను సువార్త 9వ అధ్యాయము తీసి చూడవలెను. వరునికి చెప్పుటయే మంచిదని మా అభిప్రాయము. అయినా అది ఆ అమ్మాయి నిర్ణయము, పెదనాన్నగారిది కాదు.

ఈ బిళ్ళలు సాధారణముగా చివరి కీమోథెరపీ తరువాత 8 వారములలోపు మొదలుపెడతారు. పరీక్ష ఫలితము వచ్చుటకే కొన్ని వారములు పట్టును. ఉత్తరము మీది తేదీకి అప్పుడే మూడు వారములైనది. అందుచేత పత్రిక అచ్చగువరకు ఆగక, ఆ సహోదరికి విడిగా జాబు వ్రాసితిమి.