దానం ఇచ్చినంత మాత్రాన తీరదు

వేసవిలో బాటసారుల కోసం చలివేంద్రం పెట్టడం మన దేశంలో తరతరాలుగా వస్తున్న ఆచారం. పందిరి వేసి నాలుగు కుండలు నిలిపిన నాడు నలుగురూ వచ్చి మెచ్చుకొంటారు. అయితే చలివేంద్రం నిలిచేది ఆ ఒక్కనాటి ఉత్సాహం వల్ల కాదు. ఎండలు తగ్గేవరకు ప్రతి ఉదయం ఆ కుండలను కడిగి నింపే చేయి ఒకటి ఉండాలి. ఆ చేయి లేనినాడు కుండ ఉన్నా దప్పిక తీరదు. కంప్యూటరు లోకంలో ఉచితంగా పంచుకొనే ఉపకరణాల సంగతి కూడా ఇటువంటిదే.

పెద్ద పనిని పలువురు కలిసి చేస్తున్నప్పుడు ఎవరు ఏ భాగం చూడాలి, ఎప్పటిలోగా ముగించాలి, దేని తరువాత ఏది మొదలు కావాలి అనే లెక్క అవసరమవుతుంది. ఈ లెక్కను నిర్వహించే సాఫ్ట్‌వేర్లలో రెడ్‌మైన్ ఒకటి. 2006లో జాఁ-ఫిలిప్ లాంగ్ దీనిని విడుదల చేశారు. ఇది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్; అనగా దాని మూలపాఠమైన సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చుకొనవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు.

కాని ఎంత గొప్ప సాఫ్ట్‌వేరైనా అందరి అవసరాలనూ ముందుగా ఊహించజాలదు. వారంలో ఏ రోజులు పనిదినాలు కావో రెడ్‌మైన్‌కు చెప్పవచ్చు. శని, ఆదివారాలను తప్పించి అది తేదీలు లెక్కిస్తుంది. అయితే మన పండుగలు ఏటా ఒకే తేదీన రావు. అన్ని రాష్ట్రాలలోనూ ఒకే పండుగకు సెలవు ఉండదు. హైదరాబాదులోనూ గువాహటిలోనూ శాఖలున్న ఒక కార్యాలయాన్ని ఊహించండి. ఉగాదికి ఇక్కడ సెలవు, అక్కడ పని. బిహూకు అక్కడ సెలవు, ఇక్కడ పని. ఈ తేడా తెలియని లెక్క పండుగనాడు కూడా పనిని అప్పగిస్తుంది.

దీనిని సరిదిద్దడానికి రెండు మార్గాలున్నాయి. మూలపాఠాన్నే తిరగరాయడం మొదటిది. అది సులభంగా కనిపిస్తుంది కాని, కొత్త సంచిక వచ్చి పాతదాని స్థానంలో చేరిననాడు మన మార్పులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ప్లగిన్ రాయడం రెండవది. ప్లగిన్ అంటే మూలాన్ని తాకకుండా పక్కన చేర్చే అనుబంధం. రెడ్‌మైన్‌లో దానికొక ప్రత్యేకమైన ఫోల్డరు ఉన్నది. తన పేరేమిటో, ఏ సంచికతో పనిచేస్తుందో ప్లగిన్ మొదటనే ప్రకటించుకొంటుంది. పేజీలలో అక్కడక్కడ ‘హుక్’లు అనే కొక్కేలు ఉంటాయి, కొత్త అంశాలను వాటికి తగిలించవచ్చు. తెరపై కనిపించే మాటలను వేరుగా ఉంచితే, ప్రోగ్రామును కదిలించకుండానే మరొకరు వాటిని తెలుగులోకో అస్సామీలోకో మార్చవచ్చు.

ఈ విధంగా తయారైన ఉపకరణాన్ని తన కార్యాలయానికే పరిమితం చేసుకొనే హక్కు రచయితకు ఉన్నది. రెడ్‌మైన్‌కు వర్తించే జి.పి.ఎల్. రెండవ లైసెన్సు కూడా దానిని కాదనదు. అయినా ఎందరో తమ ప్లగిన్లను లోకానికి సమర్పించారు. అందులో ఔదార్యంతో పాటు వివేకం కూడా ఉన్నది. పదిమంది వాడిన వస్తువులో దోషాలు త్వరగా బయటపడతాయి. దిద్దే చేతులు కూడా అప్పుడప్పుడు దొరుకుతాయి.

కాని అసలు పరీక్ష ఆ తరువాతనే ఆరంభమవుతుంది. 2012లో రెడ్‌మైన్ 2.0 వెలువడినప్పుడు దానికి పునాది అయిన రైల్స్ అనే చట్రం మారింది. ప్లగిన్లను ఉంచవలసిన చోటు కూడా మారింది. 2018 డిసెంబరులో 4.0 వచ్చినప్పుడు పునాది మరల మారింది. ఇటువంటి ప్రతి మార్పులోనూ ప్లగిన్లను సవరించక తప్పదు. రచయిత ఉద్యోగం మారి ఉండవచ్చు, తీరిక లేకపోవచ్చు, ఆసక్తి సన్నగిల్లి ఉండవచ్చు. అప్పుడు దానిని నమ్ముకొన్న కార్యాలయాలు ముందుకు పోలేవు, పాత సంచికలోనే ఉండిపోతే భద్రతకు ముప్పు తప్పదు.

మరి తెరచి ఉంచిన మూలపాఠం వల్ల కలిగిన మేలేమిటి? ‘బ్యాక్‌లాగ్స్’ అనే ప్లగిన్ చరిత్ర దీనికి సమాధానం చెబుతుంది. చేయవలసిన పనులను వరుసపెట్టి, కొద్ది వారాల విడతలుగా పంచుకొనే పద్ధతి కోసం అది రెడ్‌మైన్‌కు అనుబంధంగా పుట్టింది. 2011లో రెడ్‌మైన్ నిర్వహణ తీరుతో ఏకీభవించనివారు కొందరు వేరుపడి చిలీప్రాజెక్ట్‌ను ప్రారంభించారు. బ్యాక్‌లాగ్స్‌ను దానికి తగినట్లు మలచుకొన్నారు. కొన్నేళ్లకు చిలీప్రాజెక్ట్ ఆగిపోయింది. కాని దాని నుంచి పుట్టిన ఓపెన్‌ప్రాజెక్ట్‌లో బ్యాక్‌లాగ్స్ కొనసాగింది. ఇల్లు రెండుసార్లు మారినా, తొలి రచయితల పేర్లనూ తాను వచ్చిన పరంపరనూ ఆ మూలపాఠం తన శీర్షభాగంలో భద్రపరచుకొన్నది. ఒకరు వదిలిన కుండను మరొకరు అందుకొని నింపగలిగారు. తాళం వేసిన సాఫ్ట్‌వేరులో ఇది సాధ్యమయ్యేది కాదు.

కనుక ఇచ్చేవారు గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ప్లగిన్ ఏ సంచికతో పనిచేస్తుందో స్పష్టంగా రాయాలి. లైసెన్సును తప్పక జతచేయాలి. అది లేనిదే తరువాతివారికి దిద్దే హక్కు నిస్సంశయంగా లభించదు. సరిగా పనిచేస్తున్నదో లేదో తెలిపే పరీక్షలను కూడా రాసి ఉంచాలి. ఇక కొనసాగించలేమని తోచిననాడు మౌనం వహించక, ఆ సంగతి ప్రకటించి బాధ్యతను మరొకరికి అప్పగించాలి. ఇందులో అవమానమేమీ లేదు.

పుచ్చుకొనేవారికీ విధులున్నాయి. రెడ్‌మైన్ ప్లగిన్‌కు లోపల కంచె ఏమీ ఉండదు. మొత్తం సమాచారాన్ని అది చదవగలదు, మార్చగలదు. కనుక ముందుగా వేరొక యంత్రంపై పరీక్షించి, ఉన్న సమాచారానికి నకలు తీసి ఉంచుకొన్న తరువాతనే చేర్చుకోవాలి. దోషం కనబడితే నిందతో సరిపెట్టక, అది ఎప్పుడు ఎలా ఏర్పడిందో వివరంగా రాసి పంపాలి. శక్తి ఉంటే సవరణనే పంపాలి.

2015లో భారత ప్రభుత్వం తన కార్యాలయాలలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వినియోగానికి ఒక విధానాన్ని ప్రకటించింది. దానివల్ల ఖర్చు తగ్గుతుందనేది అందరూ చెప్పే మాట. ఉచితంగా లభించినది ఎవరి శ్రమా లేకుండా నిలబడదనే మాట అంతగా వినిపించదు. చలివేంద్రం వద్ద దాహం తీర్చుకొన్న బాటసారి ఆ పూట ఒక బిందె నీరు తెచ్చి పోసినా చాలు. వెనుక వచ్చేవానికి కుండ ఖాళీగా కనిపించదు.