యాక్షన్ బొమ్మల వెల

ఈ మధ్య పిట్లమునకు పోయి ఒక మిత్రుని యింట దిగితిమి. సంగారెడ్డినుండి నాందేడు వైపు పోవు జాతీయ రహదారి మీద, కామారెడ్డి జిల్లాకు పడమటి కొసన నున్న మండలకేంద్ర మది. భోజనములైన పిమ్మట ఆ యింటి కుమారుడు లోపలిగదిలోని గాజుబీరువాను మాకు చూపినాడు. అందులో అడుగెత్తు లోహకవచధారి యొకడు నిలిచియున్నాడు, ఐరన్ మ్యానట. వాని ప్రక్కన సీలు విప్పని పెట్టెలు రెండు. వెల యెంత యని యడిగితిమి. ఒక్కొక్కటి 30,000 రూపాయలకు పైమాట యని చెప్పి, మా ముఖకవళికలు చూచి, “పెద్దబాపూ, ఇది ఖర్చు కాదు, పెట్టుబడి. ఏటేట ధర పెరుగుతున్నది” అనినాడు. ఆ మాటయే ఈ వ్యాసమునకు కారణము.

ఆ యింటి యజమాని సోయా పండించు రైతు. 2025-26 సంవత్సరమునకు కేంద్రప్రభుత్వము ప్రకటించిన సోయా మద్దతుధర క్వింటాలుకు 5,328 రూపాయలు. ఆ లెక్కను ఒక్క బొమ్మకు అయిదున్నర క్వింటాళ్ల పంట చాలదు. కుఱ్ఱవానిని నిందించుటకై ఈ లెక్క చెప్పుటలేదు. అతడు పట్నమున నుద్యోగము చేసి తన జీతముతో కొన్నాడు. తాగుడునకో జూదమునకో ధారపోసియుండినచో మేము బీరువాముందు నిలిచి మాటలాడుటకు కూడ అవకాశము లేకపోయెడిది. పెద్దవాండ్రకు బొమ్మలేల యని యెత్తిపొడుచువారితోను మాకు పొత్తులేదు. దసరాకో సంక్రాంతికో బొమ్మలకొలువు తీర్చు ముత్తైదువలు పసిపిల్లలు కారుగదా! మన భాషలో దేవుని విగ్రహమును బొమ్మయే, సినిమాయు బొమ్మయే, గోడమీది పటమును బొమ్మయే. ఆ మాట యనుకొనుటకు మనకు సిగ్గులేదు. అమెరికావారికే ఆ సిగ్గు కలిగినది. 1964లో హాస్బ్రో కంపెనీ జి.ఐ.జో అను సిపాయిబొమ్మను అమ్మజూపినప్పుడు, మగపిల్లలు బొమ్మ యనినచో కొనరని జంకి, ‘యాక్షన్ ఫిగర్’ అను క్రొత్తపేరు పెట్టినది. అరువదియేండ్లకు ఆ పేరు పిట్లము చేరినది.

కాబట్టి బొమ్మ కొనవచ్చునా కొనరాదా యనునది మా ప్రశ్న కాదు. ఆ వెలకు తగిన వస్తువు చేతికి వచ్చుచున్నదా, పెరుగుచున్న ధర యెవరి చేతికి పోవుచున్నది, అనునదే ప్రశ్న.

పనితనమును మేము కాదనము. 2000లో హాంగ్‌కాంగ్‌లో పుట్టిన హాట్ టాయ్స్ కంపెనీ చేయు బొమ్మలు మనిషి కొలతలో ఆఱవవంతు. ముప్పదికి పైగా కీళ్లు. వ్రేళ్లకు వేఱు చేతులు. సూదితో కుట్టిన దుస్తులు. నటుని ముఖమున ముడుతలు, గడ్డపు నీడ, కంటితడి సైతము రంగులలో దింపుట. ఆ ముఖము తీర్చిన చేయి శిల్పి చేయియే యనుటకు మాకు సందేహములేదు. దానిని చూచి ముచ్చటపడనివాడు అసూయాపరుడై యుండవలయును. కాని పనితనము పదేండ్ల క్రిందటను ఉన్నది. ధరయే మాఱినది.

ఎట్లు మాఱినదో చూడుడు. 2012 ప్రాంతమున ఇట్టి బొమ్మ 200 డాలర్లకు కొంచె మెచ్చుతగ్గుగా దొరకెడిది. నేడది 300 డాలర్లకు దగ్గఱగా నున్నది. అమెరికాలో అన్నమును, అద్దెయు, పెట్రోలును అదే పాళ్లకు దగ్గఱగా పెరిగినవి. అక్కడి కొనుగోలుదారునికి ఇది గొప్ప అన్యాయ మనలేము. మన కుఱ్ఱవాని సంగతి వేఱు. 2012లో డాలరు వెల 53 రూపాయల చుట్టు తిరిగినది. 2025లో 85 దాటినది. 200 డాలర్ల బొమ్మ ఆనాడు 10,600 రూపాయలు. 290 డాలర్ల బొమ్మ 2025లో సుంకము కలుపకయే 24,650. అచ్చట వెల ఒకటిన్నర రెట్లు కాకముందే ఇచ్చట రెండు రెట్లు దాటినది. ఈ పెరుగుదలలో సగము బొమ్మ పెరుగుదల కాదు, రూపాయి తరుగుదల. మన నాణెము చితికినందుకు చెల్లించు మూల్యమును ‘నా సొత్తు ధర పెరిగినది’ అని సంతోషించుట ఏమి వివేకము?

దానిపై సుంకము. విదేశపు ఆటవస్తువులపై మూలసుంకమును మన ప్రభుత్వము 2020 ఫిబ్రవరిలో 20 శాతమునుండి 60 శాతమునకును, 2023లో 70 శాతమునకును పెంచినది. దానిపై ఓడకూలి, వర్తకుని లాభము. అన్నిటికంటె ముందు, ఆ వేషమును వాడుకొనుటకు హక్కుదారునికి కట్టు కప్పము. మార్వెల్ కథలు 2009లోను, స్టార్ వార్స్ కథలు 2012లోను డిస్నీ కంపెనీ వశమైనవి. నేడు ఆ వీరులలో ఎవరి బొమ్మ చేయవలెనన్నను ఆ గడప తొక్కవలసినదే. ఇన్ని గడపలలో ముఖమునకు రంగువేసిన చీనా పనివాని గడప ఎక్కడ నున్నదో వెదకుడు. మిక్కిలి చివర నున్నది. ‘పనితనమునకే ఇచ్చుచున్నాము’ అను మాట కొనువాని మనసున సత్యమే కావచ్చును. లెక్కల పుస్తకమున మాత్రము అది కనిపించదు.

ఇక పెట్టుబడి యను వాదము. దీనిని మేము క్షమింపజాలము. ఏలయన జీతగాండ్ర యిండ్లను నెలవాయిదాలలోనికి దింపుచున్నది ఇదియే. దీనికి ఆధారముగా చెప్పు కథ యొకటి కలదు. 2024లో అమెరికాలోని హెరిటేజ్ వేలములో బోబా ఫెట్ అను స్టార్ వార్స్ బొమ్మ 5,25,000 డాలర్లకు పోయినది. నిజమే. కాని ఆ బొమ్మ యెట్టిది? కెన్నర్ కంపెనీ 1979లో వీపునుండి రాకెట్టు ఎగిరిపడునట్లు ఒక బొమ్మను తలపెట్టి, పిల్లల గొంతున పడునని భయపడి, ఆ పని మానుకొన్నది. విడుదలకు నోచుకొనక మిగిలిన కొద్ది నమూనాలలో అదొకటి. దాని తోడిబొమ్మలు ఆ కాలమున రెండు డాలర్లకు లోపుగా అంగళ్లలో అమ్ముడై, లక్షలాది పిల్లల చేతులలో నలిగి, విఱిగి, చెత్తబుట్టలపాలైనవి. మిగిలినదానికి విలువ వచ్చినది. ఎవరును దాచవలెనని తలపని దినములలో మిగిలినది గనుక అది అపురూపము. నేడో! ప్రతి బొమ్మయు దాచుటకొఱకే పుట్టుచున్నది, ప్రతివాడును పెట్టె విప్పక దాచుచున్నాడు. ఇరువదియేండ్లకు ఇవి యన్నియు ఒక్కమాఱుగా సంతకు వచ్చిననాడు కొనువా డెవడు? అందఱును అమ్మువారే!

ఇది మా ఊహ కాదు, జరిగిన ముచ్చట. 1990ల చివర అమెరికాలో బీనీ బేబీస్ అను గుడ్డబొమ్మలను పిల్లల చదువుల ఖర్చుకని దాచిన కుటుంబము లుండినవి. కొలదియేండ్లలో అవి అటకలపాలైనవి. 2025 జూనులో బీజింగు వేలమున లబూబూ అను బొమ్మ 10,80,000 యువాన్లకు పోయినదని లోకమెల్ల మ్రోగినది. ఇది యాక్షన్ బొమ్మ కాకున్నను ఆ సంతలోని సరుకే. కంపెనీ సరుకు ఎక్కువగా విడువగనే చేతులు మాఱు ధరలు దిగజాఱినవి. కొఱత యనునది కంపెనీవాని చేతిలోని కుళాయి. ఆ కుళాయిని వాడు త్రిప్పుచుండ మనము దానిని ఆస్తి యనుకొనుచున్నాము.

బంగారమునకు తుప్పు లేదు. భూమికి చెద పట్టదు. ఈ బొమ్మకో, పెట్టెలోనే వార్ధక్యము. తోలును పోలునట్లు చేసిన ప్లాస్టిక్కు దుస్తులు కొన్నియేండ్లకు పగిలి పొరలు పొరలుగా రాలును. మెత్తదనమునకై ప్లాస్టిక్కులో కలిపిన నూనెలు పైకి చెమర్చి బొమ్మ జిగురుబట్టును. వేడిమియు తేమయు ఈ క్షయమును త్వరపఱచును. మా యెండల సంగతి పాఠకులకు చెప్పనక్కరలేదు. వైశాఖమున రేకులకప్పు క్రింది గదిలో మనుష్యులే నిలువలేరు. విప్పని పెట్టెలో ఐరన్ మ్యాన్ ఏ స్థితిలో నున్నాడో ఆ కుఱ్ఱవానికి తెలియదు. విప్పి చూచినచో ధర తగ్గును! కొన్న వస్తువును కన్నులార చూచుటకు కూడ వీలులేని యాస్తిని ఇంతకుముందు మేమెఱుగము.

పొలాల అమావాస్యకు మట్టి యెడ్లను చేసి పూజించు సీమ ఇది. పండుగనాడు వానికి పసుపు కుంకుమలు. మఱునాడు అవి పిల్లల చేతిలో కొమ్ములు విఱిగియుండును. వచ్చు యేడు మఱల క్రొత్తయెడ్లు. వాని వెల మట్టివెల. అయినను వానితో ఆడుకొనని బాల్యము మా తరమున లేదు.

పిట్లమునుండి బయలుదేఱి నిజామాబాదు, ఆర్మూరు దాటి, సోన్ వద్ద గోదావరి వంతెన నెక్కి ముందునకు పోయినచో నిర్మల వచ్చును. నిమ్మనాయుని పేరుతో చెప్పుకొను ఆ పట్టణమున నకాషీ పనివారు పొనికికఱ్ఱతో చేయు పండ్లను, పక్షులను, జంతువులను చూచి చేయి చాపి కొఱుకబోయిన పిల్లలు కలరు. పొనికి తేలిక కఱ్ఱ. ఉలికి లొంగును, పగులు పట్టదు. అంగములను వేఱువేఱుగా చెక్కి, చింతగింజల జిగురును ఱంపపుపొట్టును కలిపిన ముద్దతో అతికి, నునుపుచేసి, రంగులు దిద్దుదురు. కృష్ణాతీరమున కొండపల్లివారును ఇట్లే తెల్లపొనికితో అంబారీయేనుగును, దశావతారములను, తాడెక్కు గీతకాఱుని చేయుదురు. విశాఖసీమలో ఏటికొప్పాకవారు అంకుడుకఱ్ఱను లక్కతో మెఱయింతురు. ఈ మూడింటికిని ప్రభుత్వము భౌగోళిక సూచిక యను ముద్ర వేసినది. ముద్ర పడినది గాని యడవిలో పొనికి యేటేట అరుదగుచున్నది. కఱ్ఱకొఱకు పనివారు ఎదురుచూచుదురు. వారి పిల్లలు ఎదురుచూడక వేఱు కొలువులకు పోవుదురు.

ఆ కొట్టుముందు మనమేమి చేయుదుము? మొత్తము చేతితో చెక్కి, చేతితో అతికి, చేతితో రంగువేసిన బొమ్మకు కొన్ని వందలు చెప్పగనే “అబ్బో” యందుము. సగమునకిమ్మందుము. ఈయనిచో నడచిపోవునట్లు నాలుగడుగులు వేసి వెనుకకు పిలుచునేమోయని చూతుము. అదే చేయి ఆ సాయంకాలము ఫోనుమీద 30,000 రూపాయల బొమ్మకు మాఱుపలుకక వేలిముద్ర నొత్తును. అక్కడ బేరమాడినవా డొక్కడును మాకు కనబడలేదు. పిట్లము కుఱ్ఱవానినే ఇట్లనుటలేదు. గోల్కొండ, లేపాక్షి దుకాణములలో మేమును సగమున కడిగినవారమే. ఈ తప్పులో మాకును భాగము కలదు.

స్వదేశి వస్తువునే కొనుడని యిక్కడ ఒక కేక వేసి ఊరకుండుట మాకు సులువు. పూర్వమట్టి కేకలు మేమును వేసితిమి. కాని ఐరన్ మ్యాన్‌ను కోరినవాడు నిర్మల మామిడిపండుతో తృప్తిపడడు. పడవలెననుట న్యాయము కాదు. సుంకము 20నుండి 70కి పెరిగిన ఈ యేండ్లలో, పెరిగిన భారము కొనువాని నెత్తిన పడినదే గాని, ఆ కొనుగోలు నకాషీవాని వాకిటికి మఱలినదని మేమనజాలము. ఒక వస్తువునకు కోట కట్టుట వేఱు, కోటలో వస్తువును పుట్టించుట వేఱు. 2020లో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగమున కొండపల్లి, ఏటికొప్పాక పేళ్లు తలచినప్పుడు మనమందఱము చప్పట్లు కొట్టితిమి. పొనికి మొక్క చప్పట్లకు మొలవదు.

మన యువకునికి కావలసినది వీరుడు. కదలు చేతులు, మడుగు మోకాళ్లు, ముఖమున జీవము. 1940లో జోడెఘాట్ కొండలపై తుపాకిగుండ్లకొరిగిన కొమురం భీము నిర్మలకు దూరపువాడు కాడు; ఉమ్మడి ఆదిలాబాదు బిడ్డ. 2022లో వచ్చిన ఆర్.ఆర్.ఆర్. సినిమా ఆ పేరును జపానువఱకు మోసినది. పాలకుర్తి అయిలమ్మ కొడవలి యెత్తిన చేయి ఏ కీలుబొమ్మకు తక్కువ? ఉలి యున్నది, చేయి యున్నది, కథ యున్నది, పదివేలు తీసికొని నిలుచున్న కొనుగోలుదారుడును ఉన్నాడు. నడుమ కీలు అమర్చువాడు లేడు. కఱ్ఱకు కీలు పెట్టుట తెలియని జాతి కాదు మనది. తోలుబొమ్మకు మోచేయి మడువ నేర్చినవారమే. అటవీశాఖ పొనికితోట పెంచవలయును. హస్తకళల సంస్థ కీళ్ల నమూనాకు పనివారికి పెట్టుబడి యీయవలయును. మన సినిమా నిర్మాతలు తమ వీరుల వేషములను డిస్నీవలె పిండక, తగుమాత్రపు హక్కుధనమునకు ఆ పనివారికి విడువవలయును. ఇందులో అసాధ్యమేమియు లేదు.

పిట్లము కుఱ్ఱవానికి మేము చెప్పివచ్చినది యింతే. ఆ నిలిచియున్న బొమ్మ నీకు సంతోషము నిచ్చినచో దాని డబ్బు దక్కినట్లే. లెక్క అక్కడితో ముగిసినది. విప్పని పెట్టెలు రెంటిని విప్పుము. నాలుగవదానిని వాయిదాలమీద కొనకుము. అతడు నవ్వి, రెండవ పెట్టె మాత్రము దీపావళికి విప్పెదననినాడు. మూడవదాని మాట యెత్తలేదు.

నిర్మలలో కీళ్లున్న భీముడు తయారైననాడు మొదటి పట్టికలో మా పేరు వ్రాసికొనవచ్చును. బేరమాడము. పెట్టె మాత్రము ఆనాడే విప్పెదము.