ఇనుము ధరకు అమ్ముకున్న ఓడ

38 కోట్ల 54 లక్షల రూపాయలు. ముప్ఫై ఏళ్ళపాటు మన నౌకాదళానికి వెన్నెముకగా నిలిచిన ‘విరాట్’ అనే మహానౌకకు 2020లో మనం కట్టిన వెల అది. ఓడగా కాదు, ఇనుపతుక్కుగా. ఆ ఏడాది సెప్టెంబరులో దాన్ని ముంబయి నుంచి గుజరాతులోని అలంగ్ తీరానికి లాక్కుపోయారు. అక్కడ పోటు సమయంలో ఒడ్డుకెక్కించి, గ్యాసు మంటలతో కోసి ముక్కలు చేశారు. ఈ కథలో తెలుగువాళ్ళకూ ఒక పాత్ర ఉంది. అది మనవాళ్ళు చాలామంది మరచిపోయినట్టున్నారు. అందుకే ఈ రాత.

విరాట్ పుట్టుక ఇంగ్లండులో. 1944లో బారో రేవుపట్టణంలో పని మొదలై, 1953లో నీళ్ళమీదికి దిగి, 1959లో ‘హెర్మిస్’ పేరుతో బ్రిటిషు నౌకాదళంలో చేరింది. 1982 ఫాక్లండ్స్ యుద్ధంలో బ్రిటిషు పటాలానికి అదే నాయకనౌక. 1987 మే 12న మనదయ్యింది. 2017 మార్చి 6న ముంబయిలో సేవ చాలించింది. అంతకాలం పనిచేసిన యుద్ధనౌక లోకంలో మరొకటి లేదని గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. దాని పొడవు 226 మీటర్లు. విశాఖలో రామకృష్ణా బీచి మీద కురుసుర జలాంతర్గామిని చూసినవారు, అలాంటివి రెండున్నర వరుసగా పేర్చినట్టు ఊహించుకుంటే సరిపోతుంది.

ఇహ మన పాత్ర. విరాట్‌ను విశాఖకు తెచ్చి మ్యూజియంగా, హోటలుగా మారుస్తామని 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముందుకొచ్చింది. పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి, బొమ్మలు గీసి చూపించాయి. తర్వాత ఖర్చు దగ్గర రాష్ట్రమూ కేంద్రమూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాయి. 2018లో మహారాష్ట్ర మంత్రివర్గం సింధుదుర్గ్ జిల్లా తీరాన 852 కోట్లతో ఆ పని చేయడానికి ఆమోదం తెలిపింది. అదీ కాగితం దాటలేదు. తన కాళ్ళమీద తాను నిలబడగల పూర్తి ఆర్థిక ప్రతిపాదన ఏ రాష్ట్రమూ ఇవ్వలేదు కాబట్టి తుక్కు చేయక తప్పదని 2019 జూలైలో కేంద్రం పార్లమెంటుకు చెప్పేసింది. ఓడ అలంగ్ చేరాక ఒక ప్రైవేటు సంస్థ కొని కాపాడతానని కోర్టుకెక్కింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు విరుపు ఆపమంది, ఏప్రిల్‌లో ఆ అర్జీని కొట్టేసింది. అప్పటికే ఓడలో చాలా భాగం ఓడగా లేదు.

ప్రభుత్వాలను తిట్టడం సులువు, నేనూ తిట్టగలను. కానీ 2016 నుంచి 2019 దాకా ఆ మూడేళ్ళలో మనమేం చేశాం? ఓడ విరమణ సంగతి ముందునుంచీ అందరికీ తెలిసిందే. ఒక్క సినిమాహీరో కటౌటుకు పాలు పోయడానికి పోగయ్యే జనంలో పదోవంతు ఈ ఓడకోసం విశాఖ బీచిరోడ్డులో నిలబడ్డారా? విశ్వవిద్యాలయాల చరిత్రశాఖలు ఒక తీర్మానమైనా చేశాయా? రచయితల సంఘాలు? ప్రతిచోటా అదే మౌనం. ఓడ అలంగ్ ఇసుకలో కూరుకుపోయిన ఛాయాచిత్రాలు వచ్చాక మాత్రం అందరూ అంతర్జాలంలో కన్నీళ్ళు కార్చారు. ఆ కన్నీళ్ళ మీద నాకు గౌరవం లేదు.

మాది కడప జిల్లా లింగాల. చీనీచెట్లను బతికించుకోవడానికి బోరు మీద బోరు వేసిన ఊరు. చిత్రావతి మీద పార్నపల్లె దగ్గర జలాశయం కట్టాకగానీ మా మండలంలో అన్ని నీళ్ళను ఒకచోట చూసిన తరం లేదు. నేను ఓడల గురించి రాస్తున్నానని తెలిసి మా ఊరి పెద్దాయన ఒకాయన అడగనే అడిగాడు: “ఏం నాయనా, తాగే నీళ్ళకు అగచాట్లు పడిన ఊర్లో కూచోని వాడల గురించి రాస్తాండావే, మనకూ సముద్రానికీ ఏం సంబంధం?”

ఆయన ప్రశ్న న్యాయమైనదే, జవాబు చెప్పాలి. సంబంధం ఉంది. మా జిల్లాకు నీళ్ళిచ్చే కర్నూలు-కడప కాలువను 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించింది సేద్యానికి మాత్రమే కాదు, పడవలు నడపడానికి కూడా. మెట్టసీమకు కూడా నీటిదారి కావాలని ఆనాడు లెక్కవేసినవాళ్ళున్నారు. అంతకంటే పెద్ద సంబంధం మనుషులది. కరువొచ్చిన ప్రతిసారీ ఈ దేశంలో జనం రేవులవైపు నడిచారు. 1860లో దక్షిణాఫ్రికాలోని నేటాలుకు మొదటి కూలీలను మోసుకెళ్ళిన ‘ట్రూరో’ బయలుదేరింది మదరాసు రేవునుంచే. అంతకు ముందే, 1843లో, ‘కోరింగ ప్యాకెట్’ అనే ఓడ మన గోదావరి తీరంనుంచి తెలుగు కూలీలను మారిషసుకు చేర్చింది. అక్కడ తెలుగువాళ్ళకు ఆ రేవు పేరే పేరైపోయింది. ఇక విశాఖ, కాకినాడ రేవులనుంచి రంగూనుకు పోయినవారి లెక్క ఎవరు తేల్చగలరు? మలయా వెళ్ళినవారి నోట ‘రజులా’ పేరు ఇంటిపేరులా నిలిచింది. 1926లో గ్లాస్గోలో కట్టిన ఆ ప్రయాణికుల ఓడ మదరాసునుంచి నాగపట్నం, పెనాంగుల మీదుగా సింగపూరుకు దాదాపు అర్ధశతాబ్దం తిరిగింది. పైతట్టు మీద చాపలు పరుచుకుని, వాంతులు చేసుకుంటూ, పిల్లల్ని కంటూ వేలమంది దానిలో దాటిపోయారు. 1974లో బొంబాయిలో దాన్నీ విరగ్గొట్టారు. ఒక చాపముక్కయినా మనం దాచుకోలేదు.

మారిషసువాళ్ళు ఏం చేశారో చూడండి. కూలీలుగా వచ్చిన తాతలు ఓడ దిగి ఎక్కిన పదహారు రాతిమెట్లు పోర్టులూయీలో మిగిలాయి. వాటిని కాపాడుకున్నారు. 2006లో యునెస్కో ఆ అప్రవాసీ ఘాటును ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. దిగిన చోట మెట్లను దాచుకున్నారు మనుమలు. ఎక్కిన చోట మనం ఏం దాచాం? కోరంగి 1839 తుపానుకు దెబ్బతిని, ఒండ్రు మేటవేసి పల్లెటూరైంది, అది ప్రకృతి చేసిన పని. తక్కినదంతా మనం చేసిందే.

మరొకటి కూడా చెప్పాలి. స్వతంత్ర భారతం నీళ్ళమీదికి దించిన మొదటి ఆవిరి ఓడ ‘జల ఉష’ పుట్టింది ఎక్కడో కాదు, విశాఖలో. సింధియా కంపెనీ అక్కడ ఓడలకార్ఖానా మొదలుపెట్టినప్పుడు 1941 జూన్‌లో రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేశారు. మరుసటి ఏప్రిల్‌లో జపాను విమానాలు విశాఖమీద బాంబులు వేయడంతో పని చెదిరింది. అయినా పట్టువిడవక కట్టి, 1948 మార్చి 14న నెహ్రూ చేతులమీదుగా జల ఉషను సముద్రంలోకి జారవిడిచారు. ఆ పేరు విశాఖలో చదువుకునే పిల్లలను అడిగి చూడండి. మోటుపల్లిలో గణపతిదేవుడు 1244లో సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించాడని పుస్తకాల్లో చదివి ఛాతీ విరుచుకుంటాం. నిన్నమొన్నటి ఓడ పేరు మాత్రం మనకు తెలియదు!

“అన్నం లేనివాడికి ఓడ ఎందుకు, ఆ వందల కోట్లు ఆసుపత్రికి పెట్టొచ్చుగా” అంటారు కొందరు. విరాట్‌కు పెట్టకుండా మిగిల్చిన డబ్బుతో కట్టిన ఆసుపత్రి ఏదో వారు చూపిస్తే నేను నోరు మూసుకుంటాను. పైగా పాతఓడ కేవలం ఖర్చు కాదనడానికి సాక్ష్యం మన కళ్ళెదుటే ఉంది. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన కురుసురను ఒడ్డుకు లాగి, ఇసుకమీద నిలబెట్టి, 2002 ఆగస్టులో జనానికి తెరిచారు. అయిన ఖర్చు ఐదున్నర కోట్ల చిల్లర. విశాఖ వెళ్ళినవాడెవడూ దాన్ని చూడకుండా రాడు. లోపల దారి చూపించేవారు నౌకాదళంలో పనిచేసి విరమించినవారే. ఇరవై ఏళ్ళు దాటినా అది నిలబడింది.

మరి ప్రేమ ఒక్కటి చాలదా? చాలదు. ‘యునైటెడ్ స్టేట్స్’ అనే అమెరికా ప్రయాణికుల ఓడ సంగతి తెలుసుకోవాలి. 1952లో తొలి ప్రయాణంలోనే మూడున్నర రోజుల లోపల అట్లాంటిక్ దాటి వేగంలో రికార్డు నెలకొల్పింది. దాన్ని తుక్కునుంచి తప్పించడానికి ఒక ప్రజాసంస్థ 2011లో కొనేసింది. దేశమంతటినుంచీ చందాలు వచ్చాయి. ఐనా ఫిలడెల్ఫియా రేవులో ఓడ నిలిపిన చోటుకు అద్దె తగాదా వచ్చి, 2024లో కోర్టు ఖాళీ చేయమంది. చివరికి ఫ్లోరిడాలోని ఒక కౌంటీ దాన్ని ముంచి చేపలకు ఆవాసం చేయడానికి కొని, 2025 ఫిబ్రవరిలో లాక్కుపోయింది. మన పాత విక్రాంత్‌దీ ఇలాంటి కథే. 1971 యుద్ధంలో బంగాళాఖాతంలో గెలిచివచ్చిన ఆ ఓడ ముంబయిలో 2001 నుంచి మ్యూజియంగా ఉండేది. మరమ్మతుకు ఎవరూ డబ్బు పెట్టక 2012లో తలుపులు మూసి, 2014లో వేలం వేశారు. ఉప్పునీటిలో ఇనుము రోజూ తరుగుతుంది. దానికి ఏటేటా రంగు, అతుకు, కాపలా కావాలి. అందుకే లాంగ్‌బీచిలో 1967 నుంచి ఉన్న క్వీన్‌మేరీ కూడా నేటికీ మరమ్మతుల ఖర్చు మోస్తూనే ఉంది. ఓడను తేవడం పెళ్ళి, పోషించడం కాపురం. మన నాయకులకు పెళ్ళి ఫోటోలంటేనే ఇష్టం.

కాబట్టి నేనడిగేది మరో ప్రకటన కాదు. విశాఖ తూర్పు నౌకాదళానికి కేంద్రం, అక్కడ ఓడలు విరమిస్తూనే ఉంటాయి. 2019లో రంజిత్, 2021లో రాజపుత్ అక్కడే జెండా దించాయి. అదే తరగతిలో మిగతావాటి వంతూ వస్తుంది. జెండా దించే రోజుకు రెండేళ్ళ ముందే ఏ ఓడ ఉంచాలో, ఎక్కడ ఉంచాలో, దాని తొలి పదేళ్ళ పోషణకు మూలధనం ఎక్కడిదో రాష్ట్రం తేల్చి కాగితం మీద పెట్టాలి. చిన్న దీవిప్రాంతమైన దియ్యూ 2022లో ‘ఖుక్రీ’ని తీసుకుని స్మారకంగా నిలుపుకుంది. తొమ్మిది వందల కిలోమీటర్లకు పైగా తీరమున్న మనకు అది అసాధ్యమా? పెద్ద విమానవాహక నౌకే కావాలనే బడాయి కూడా అక్కరలేదు, చిన్న ఓడను బాగా ఉంచితే చాలు. దానిలోనే ఒక గది జల ఉషకూ, మరో గది రంగూనుకూ మలయాకూ నేటాలుకూ పోయినవారికీ కేటాయించాలి. ఆ ఓడల టికెట్టు ముక్కలూ, ఉత్తరాలూ, ఇనుప పెట్టెలూ ఇంకా ఇళ్ళ అటకలమీద ఉన్నాయి. ఈ తరం పోతే అవీ పోతాయి. విదేశాల్లో ఏటేటా తెలుగు సభలు జరిపేవారు ఒక్క సంవత్సరం పూలదండల ఖర్చు ఇటు మళ్ళిస్తే అటకలు దులపడం మొదలవుతుంది.

మీ శాసనసభ్యుడికి, లోక్‌సభ సభ్యుడికి ఒక్క కార్డు రాయండి. సముద్రం లేని నియోజకవర్గం నుంచి రాస్తే మరీ మంచిది. పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వాళ్ళు ఓడ గురించి అడిగితే కనీసం ఆశ్చర్యంతోనైనా చదువుతారు. ఇంట్లో రంగూను పెట్టె ఉన్నవారు దాన్ని పాతసామాన్లవాడికి వేయకుండా ఫోటో తీసి, ఎవరిదో, ఏ రేవునుంచి ఏ ఏడు పోయారో వెనక రాసిపెట్టండి. పెద్దాయన ప్రశ్నకు ఈ జవాబంతా చదివి వినిపించాను. కాసేపు ఊరకుండి, తన మేనత్త మొగుడు ‘పినాంగి’ పోయి తిరిగి రాలేదని చెప్పాడు.