గుంపులో గోవిందయ్య, నడి సముద్రంలో

ప్రతి కుటుంబంలోనూ ఇలాంటి మనిషి ఒకరుంటారు. ప్రయాణమంటే ఆయనకు హంపీ రాళ్ల మధ్య ఒంటరి నడక, లేదంటే ప్యాసింజర్ రైల్లో కిటికీ పక్క సీటు. అలాంటాయన్ని బావమరుదులు, తోడికోడళ్లు, పిల్లలు కలిసి మూడు రాత్రుల ఓడ విహారానికి లాక్కుపోతే? డీజే హోరు, బఫే ముందు తోపులాట, ఈతకొలను పక్కన అంత్యాక్షరి. తేలే పెళ్లిమండపమని సణుగుతారు.

ఆ సణుగుడులో అబద్ధమేమీ లేదు. 2021 సెప్టెంబర్‌లో ముంబై నుంచి కార్డెలియా క్రూజెస్ తిప్పడం మొదలుపెట్టి, 2022 జూన్‌లో విశాఖకూ తెచ్చిన ఎంప్రెస్ నౌక అసలు 1990లో బహామాస్‌కు మూడు నాలుగు రాత్రుల షికార్ల కోసం కట్టింది. పదకొండు అంతస్తులు, దాదాపు 1,800 మంది. ఏకాంతం దాని ఒప్పందంలోనే లేదు. అమెరికన్ రచయిత డేవిడ్ ఫాస్టర్ వాలెస్ ఏడు రాత్రులు కరీబియన్ ఓడలో గడిపి 1996లో హార్పర్స్ పత్రికలో రాసిన వ్యాసం ఈ విముఖులందరికీ భగవద్గీత. అయితే ఆయన వెళ్లింది పత్రిక పంపగా, ఒంటరిగా. తేడా అక్కడే ఉంది.

మోకాళ్లు అరిగిన డెబ్బై ఏళ్ల తల్లినీ, క్షణం కుదురుగా ఉండని ఆరేళ్ల మనవడినీ ఒకే యాత్రకు తీసుకెళ్లడం ఎంత కష్టమో తిరుమల క్యూలో నిలబడ్డవారికి తెలుసు. ఓడలో పెట్టె ఒక్కసారి విప్పితే చాలు. గదికీ భోజనానికీ మధ్య దూరం ఒక లిఫ్టు. పిల్లాడు ఈతకొలనులో, తల్లి నీడలో కుర్చీలో. ఇద్దరూ కనుచూపు మేరలోనే.

ఇక ఆయన సంగతి. తెల్లవారుజామున ఐదున్నరకు పై డెక్ ఎక్కితే రాత్రి చిందులేసిన జనంలో ఒక్కరూ కనిపించరు. తీరం దాటాక సెల్‌ఫోన్ సిగ్నల్ పోతుంది, వైఫైకి విడిగా డబ్బు కట్టాలి. కట్టకపోవడమే లాభం. కిటికీ లేని క్యాబిన్ చౌక, కానీ పుస్తకాల మనిషికి అది చెరసాల. అక్కడ పిసినారితనం వద్దు. కడుపులో తిప్పే వారికి మాత్రం ఓడ మధ్యలో, కింది అంతస్తు గదే మేలు. ఊపు తక్కువ.

లక్షద్వీప్ యాత్రలో ఒక చిక్కుంది. పగడపు దిబ్బల లోతు తక్కువ నీళ్లలోకి పెద్ద ఓడ పోలేదు. దూరంగా ఆగితే చిన్న పడవల్లో దిగి వెళ్లాలి. అలల మీద ఊగే పడవలోకి కాలు మోపడం ఆ తల్లివల్ల కాదు. ఆవిడకు తోడుగా ఉండేదెవరని అందరూ ముఖముఖాలు చూసుకునే వేళ, చేయెత్తాల్సింది ఆయనే. జనమంతా దిగిపోయాక డీజే ఆగుతుంది, కుర్చీలన్నీ ఖాళీ. ఆయన పుస్తకం తెరవొచ్చు, ఆవిడ మొదలుపెట్టిన పాత ముచ్చట పూర్తయ్యాక.