మూడు రంగుల మబ్బు, ఎండిన చేను

ప్రకృతి దృశ్యాలను ఫోటో తీసేవారికి ఒక ప్రయోగంమీద మోజు ఉంది. కెమెరాను స్టాండుమీద కదలకుండా బిగిస్తారు. ఒకే ఫ్రేముమీద మూడుసార్లు వెలుతురు పడనిస్తారు: మొదట ఎర్ర ఫిల్టరు గుండా, తర్వాత ఆకుపచ్చ ఫిల్టరు గుండా, చివర నీలి ఫిల్టరు గుండా. కదలని కొండ, బండ, గుడి తమ సహజవర్ణంలోనే వస్తాయి. కదిలినదల్లా, అది మబ్బు కానీ, నీరు కానీ, మనిషి కానీ, మూడు రంగులుగా విడిపోతుంది. కోడక్ సంస్థలో పనిచేసిన రాబర్ట్ హారిస్ పేరుమీదుగా దీనిని హారిస్ షట్టర్ అంటారు. నేడు ఫిల్టర్లు కూడా అక్కరలేదు. వరుసగా మూడు ఫోటోలు తీసి, ఒక్కొక్కదానినుంచి ఒక్కొక్క రంగు తీసుకొని కంప్యూటరులో కలిపితే చాలు.

దీనిమీద రెండు వాదాలున్నాయి. శుద్ధకళావాదులు, “రంగు రంగుకోసమే, దానికి అర్థం అడగవద్దు” అంటారు. మన మిత్రులు కొందరు, “ఇది రూపవాదం, కెమెరా పని ఉన్నదున్నట్లు చూపడమే” అంటారు. ఈ రెండు వాదాలూ నిలవవు.

ముందు మన మిత్రుల మాట చూద్దాం. “ఉన్నదున్నట్లు” వచ్చే రంగు ఫోటో ఎలా వస్తున్నది? 1861లో మాక్స్‌వెల్ లండన్‌లో చూపిన రంగుచిత్రం మూడు ఫిల్టర్లగుండా విడివిడిగా తీసిన ఫోటోల కలయికే. నేటి కెమెరాలలో ఎక్కువ వాటి లోపలి పలకమీద ఉన్నవి కూడా ఎరుపు, ఆకుపచ్చ, నీలి ఫిల్టర్ల గళ్ళే. అంటే మామూలు ఫోటో కూడా మూడు రంగులుగా విడగొట్టి కలిపినదే. ఆ మూడూ అక్కడ ఒకే క్షణంలో పడతాయి. ఇక్కడ వేరువేరు క్షణాలలో పడతాయి. తేడా అంతే. ఆ తేడా పేరు కాలం. కాలాన్ని చూపగల సాధనాన్ని చరిత్రను నమ్మే మనం కాదనుకోవడం ఏపాటి విజ్ఞత?

ఇక శుద్ధకళావాదుల సంగతి. ప్రొకుదిన్-గోర్‌స్కీ అనే రష్యను ఫోటోగ్రాఫరు జారు చక్రవర్తి ఆదరణతో, 1909 మొదలు 1915 వరకు రష్యా సామ్రాజ్యమంతా తిరిగి, ఒకే గాజుపలకమీద మూడు ఫిల్టర్లగుండా వెంటవెంటనే ఫోటోలు తీశాడు. 1910లో బకాల్ ఇనుపగనిలో పనిచేసేవారినీ తీశాడు. ఆయన పద్ధతిలో కొండలు, చర్చీలు చెక్కుచెదరకుండా వచ్చేవి. నదులూ, నిలకడగా నిలబడని మనుషులూ రంగురంగుల నీడలయ్యేవారు. ఆయనకది లోపం. ఆయనకు లోపమైనదే నేడు సొగసుగా చలామణీ అవుతున్నది. కాని ఆ లోపం చెప్పిన నిజం ఒకటుంది: మూడు రంగులకూ లొంగింది కదలనిదే. కదిలేది లొంగలేదు. కదలనట్లు కనిపించిన ఆ సామ్రాజ్యం 1917లో కూలిపోయింది.

ఈ ప్రయోగాన్ని ధర్మవరం పొలాలలోకి తెచ్చి పరీక్షిద్దాం. పడమటి కనుమల అవతలే బరువు దింపుకొని వచ్చే నైరుతి మేఘాలు మన నెత్తిమీదుగా సాగిపోతాయి. పాత అనంతపురం జిల్లాకు ఏడాదికి దక్కే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆషాఢమాసంలో రైతు ఆకాశంవైపు చూసేది మబ్బు అందంకోసం కాదు, అది నిలుస్తుందా పోతుందా అని. ఫోటోగ్రాఫరు మూడు ఫిల్టర్లు మార్చేలోగా ఆ మబ్బు జరిగిపోతుంది. దాని అంచులకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం పూస్తాయి. అతడు చేనును వదిలి ఆకాశం మాత్రమే ఫ్రేములో పెడితే అది ఉత్సవచిత్రం. కరువుకు కట్టిన రంగుల తోరణం. అదే ఫ్రేములో వేరుశనగ చేనునుకూడా పెడితే? మబ్బు కదిలిపోయింది, నేల కదలలేదు. పైన రంగుల సందడి, కింద మార్పులేని ఎర్రమట్టి. అప్పుడు ఆ రంగే సాక్ష్యం చెబుతుంది. యంత్రం ఒకటే, ఫిల్టర్లు అవే. ఫ్రేములోకి ఏది రావాలో నిర్ణయించినవాడి దృక్పథమే వేరు.

మరొక అడుగు వేయవచ్చు. మూడు ఫోటోలకూ నడుమ నిమిషాలకు బదులు నెలలు ఉండనీయండి. ఒకే చోటు, ఎండ తీరు ఒకేలా ఉన్న వేళ. విత్తకముందు ఎరుపు, పైరు ఎదిగేనాటికి ఆకుపచ్చ, కోతలనాటికి నీలం. ఎక్కడ మార్పు జరిగిందో అక్కడ కొత్తరంగు పుడుతుంది. విత్తు మొలవని చేను మాత్రం తన మట్టిరంగులోనే మిగులుతుంది. బోరు ఉన్నవాడి చేనుకూ, లేనివాడి చేనుకూ గట్టు అడ్డమున్నా లేకపోయినా, రంగు గీత గీసి చూపుతుంది. అలంకారంకోసం పుట్టిన పద్ధతి అక్కడ పొలం లెక్క చెప్పగలదు.

రంగు విషయంలో మనకు గురువులు దూరాన లేరు. ధర్మవరం పట్టుచీరెలో పడుగు ఒక రంగు, పేక మరొక రంగు వేసే నేత ఉన్నది. మడత తిప్పితే వన్నె మారుతుంది. చూసేవారికది ఇంద్రజాలం, మగ్గం గుంటలో కూర్చున్నవాడికి శ్రమ. ఏ వన్నె ఏ పోగువల్ల వచ్చిందో ఆయన వేలుపెట్టి చూపగలడు. అప్పులు తీర్చలేక నేతగాళ్ళు ప్రాణాలు తీసుకున్న ఊరిలో, ఆ వన్నెను మాత్రం చూసి ఆ వేళ్ళను మరచిపోవడం రసికత అనిపించుకోదు.

రంగుల ఫోటోగ్రాఫరునుకూడా ఆ నేతగాడి ప్రశ్నే అడుగుదాం. ఈ ఎరుపు ఏది కదిలినందువల్ల వచ్చింది? ఈ నీలం ఏ మార్పుకు గుర్తు? నీ ఫ్రేములోనుంచి ఎవరిని తప్పించావు? జవాబు చెప్పగలిగితే అతడు మనవాడే. ప్రయోగానికి భయపడవలసిన పని లేదు. జవాబు లేకపోతే ఆ రంగు ఎంత మెరిసినా గోడకు వేసిన సున్నమే. మన విద్యార్థుల చేతుల్లో కెమెరాలున్నాయి. ఈ ఏడు మబ్బులు వచ్చినప్పుడు స్టాండు చేనుగట్టున పాతండి, ఫ్రేములో సగం నేలకు ఇవ్వండి.